పట్టా ఉంది... బాట లేదు! వీసా గడువు చెల్లినవారికి దారిలో చిక్కు

చేనుకు పట్టా ఉంటుంది. పహాణీలో పేరుంటుంది. శిస్తు బాకీ లేదు. అయినా ఆ చేనుకు పోవాలంటే పక్కవాడి గట్టు దాటాలి. పక్కవాడు అడ్డం పడితే పట్టా చూపించి లాభం లేదు. పట్టా వేరు, బాట వేరు. ఈ తగాదా ఎరగని ఊరు రంగారెడ్డి జిల్లాలో లేదు.

అమెరికాలో కొలువు చేస్తున్న పల్లెల పిల్లలకు సరిగ్గా ఇదే తగాదా విమానాశ్రయంలో ఎదురవుతోంది. అక్కడ ఉండటానికి, పని చేయటానికి కాగితం ఉంటుంది. ఇంటికి రావటానికి టిక్కెట్టు కూడా ఉంటుంది. కాని మధ్యలో విమానం మారే దేశం మాత్రం తన గట్టు దాటటానికి వేరే వీసా కావాలంటుంది. ఆ సంగతి చాలామందికి తెలిసేది పెట్టెబేడాతో కౌంటరు ముందు నిలబడినప్పుడే.

అన్నీ జిల్లాలోనే

ఈ వ్యవహారానికి సంబంధించిన ముఖ్యమైన చోట్లన్నీ రంగారెడ్డి జిల్లాలోనే ఉండటం విశేషం. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అంతవరకు రాళ్లగుట్టలుగా ఉన్న ప్రాంతం హైటెక్ సిటీ అయింది. గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడల దాకా కంపెనీలు పాకాయి. చేవెళ్ల, శంకర్‌పల్లి, ఇబ్రహీంపట్నం, షాద్‌నగర్ వైపు ఊళ్లలో చదువుకున్న పిల్లలు ముందు ఆ కంపెనీల్లో చేరారు. కొందరు కంపెనీ పంపితే అమెరికా వెళ్లారు. మరికొందరు పై చదువుకు వెళ్లి అక్కడే కొలువు చూసుకున్నారు.

2008 మార్చిలో బేగంపేట విమానాశ్రయం స్థానే శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచారు. అంతకు ముందు వీసా కోసం చెన్నై వెళ్లవలసి వచ్చేది. 2023 మార్చి 20న ఆ కాన్సులేట్ నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది. వేలిముద్రలు, ఫొటో ఇచ్చే వీసా కేంద్రం హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో ఉంది. ఇక వీసా కోసం 11 ప్రదక్షిణలు చేసి, వచ్చాక 108 ప్రదక్షిణలతో మొక్కు తీర్చుకునే చిలుకూరు బాలాజీ గుడి కూడా ఈ జిల్లాదే.

ఇన్ని ఉన్నా, దారిలో విమానం మారేచోట కావలసిన వీసా గురించి ఊళ్లలో చెప్పేవారు తక్కువ.

రెండు కాగితాలు, రెండు గడువులు

అమెరికాలో కంపెనీ కొలువుకు ఇచ్చేది హెచ్-1బి వీసా. దీనికి సంబంధించి ఉద్యోగి దగ్గర రెండు వేర్వేరు కాగితాలు ఉంటాయి. ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవటం వల్లనే చిక్కంతా వస్తోంది.

మొదటిది పాస్‌పోర్టులో అంటించే వీసా. దీన్నే పిల్లలు ‘స్టాంపింగ్’ అంటారు. ఇది గడప దాటి అమెరికాలో అడుగుపెట్టటానికి. రెండోది అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చే ఐ-797 అనే ఆమోదపత్రం. ఇది లోపల ఉండి పని చేసుకోవటానికి. కంపెనీ దరఖాస్తు పెడితే గడువు పొడిగించి కొత్త ఐ-797 ఇస్తారు. ఒక్కో విడతకు 3 సంవత్సరాల దాకా ఇస్తారు. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవారికి 6 సంవత్సరాలు దాటాక కూడా పొడిగింపు వస్తుంది.

అయితే ఐ-797 పొడిగించినంత మాత్రాన పాస్‌పోర్టులోని వీసా తేదీ మారదు. కొత్త స్టాంపు కావాలంటే అమెరికా దాటి బయటికి వచ్చి, కాన్సులేట్‌లో వేయించుకోవాలి. ఒకప్పుడు అమెరికాలోనే ఆ పని అయ్యేది. వేలిముద్రల నిబంధన రావటంతో 2004 జులైలో దాన్ని నిలిపేశారు. 2024 జనవరి నుంచి ఏప్రిల్ 1 వరకు 20,000 మందికి పరిమితం చేసి ప్రయోగంగా మళ్లీ అక్కడే స్టాంపు వేశారు. అంతటితో అది ముగిసింది.

అందువల్ల అమెరికాలో నాలుగైదేళ్లుగా కదలకుండా ఉన్న ఉద్యోగుల్లో చాలామంది పాస్‌పోర్టుల్లో స్టాంపు గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. చదువు వీసాపై వెళ్లి అక్కడే కొలువు వీసాకు మారినవారికైతే కొలువు స్టాంపు అసలే ఉండదు. ఇందులో తప్పేమీ లేదు. వారు అక్కడ చట్టప్రకారమే ఉన్నట్లు లెక్క. పట్టా పక్కాగా ఉంది. బాట దగ్గరే పేచీ.

కౌంటరు దగ్గర ఏం జరుగుతుంది?

ఒక ఉద్యోగికి ఊరి నుంచి రాత్రివేళ ఫోను వచ్చిందనుకుందాం. ‘‘నాయిన పానం బాగలేదు, జల్ది రా బిడ్డా’’ అని తల్లి కబురు. కొడుకు అప్పటికప్పుడు దొరికిన టిక్కెట్టు కొంటాడు. అది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో, లండన్ మీదుగానో ఉంటుంది. వెళ్లేది సొంత దేశానికే కదా, భారత పాస్‌పోర్టు ఉండగా ఇంకేం కావాలి అనుకుంటాడు.

అమెరికా విడిచి వెళ్లేవారిని అక్కడ ఇమ్మిగ్రేషన్ అధికారులు కౌంటరు పెట్టి తనిఖీ చేయరు. తనిఖీ చేసేది విమాన సంస్థ ఉద్యోగి. ఆ ఉద్యోగి ముందున్న కంప్యూటరులో ఏ దేశం పాస్‌పోర్టు, ఏ దారి, ఏ వీసా అన్నది నింపితే ఏమేం కాగితాలు కావాలో తెలిసిపోతుంది. విమాన సంస్థలు వాడే ఈ పట్టికను టైమాటిక్ అంటారు. స్టాంపు గడువు చెల్లిందని తేలితే ట్రాన్సిట్ వీసా అడుగుతారు. ఐ-797 చూపించినా, కంపెనీ ఉత్తరం చూపించినా, ఆసుపత్రి చీటీ చూపించినా బోర్డింగ్ పాస్ చేతికి రాదు.

కౌంటరులోని మనిషిని తిట్టి ప్రయోజనం లేదు. సరైన కాగితాలు లేనివారిని ఎక్కించుకొస్తే విమాన సంస్థకు జరిమానా పడుతుంది. 2001లో యూరప్ దేశాలు తెచ్చిన నిబంధన ప్రకారం ఈ జరిమానా ఒక్కో ప్రయాణికుడికి 3,000 నుంచి 5,000 యూరోల స్థాయిలో ఉంటుంది. పైగా ఆ ప్రయాణికుణ్ణి తన ఖర్చుతో వెనక్కు తీసుకుపోవాలి. కాగితాలు సరిచూసుకునే బాధ్యత ప్రయాణికుడిదేనని టిక్కెట్టు షరతుల్లో రాసి ఉంటుంది. కాబట్టి టిక్కెట్టు డబ్బు తిరిగి వస్తుందన్న భరోసా లేదు.

గల్ఫ్‌కు వెళ్లి అకామా గడువు దాటినవారి కష్టాలు తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. అక్కడ అడ్డుకునేది పనిచేసిన దేశమే. ఇక్కడ అడ్డుకునేది మాత్రం అటు పనిచేసిన దేశమూ కాదు, ఇటు పుట్టిన దేశమూ కాదు. నడుమనున్న మూడో దేశం. తేడా అదే.

మూడో దేశానికి ఎందుకు పట్టింపు?

విమానం మారటానికి రెండు గంటలు కూర్చునేవాడితో ఆ దేశానికి పనేమిటన్న ప్రశ్న సహజం. ఇంకో దేశానికి టిక్కెట్టు కొని, మధ్యలో దిగి, అక్కడే శరణు కోరటమో, దారి తప్పించుకుని లోపలికి వెళ్లటమో జరుగుతోందన్నది యూరప్ దేశాల వాదన. అందుకే విమానాశ్రయం గోడ దాటకుండా విమానం మారేవారికి కూడా ప్రత్యేక వీసా పెట్టారు. ఎయిర్‌పోర్టు ట్రాన్సిట్ వీసా అంటే ఇదే. ఇది ఊళ్లోకి పోనివ్వదు. గోడ లోపల ఒక విమానం దిగి ఇంకో విమానం ఎక్కనిస్తుంది, అంతే.

1996 మార్చిలో యూరప్ కూటమి దేశాలు ఈ వీసా అవసరమైన 10 దేశాలతో ఉమ్మడి జాబితా తయారు చేశాయి. 2009లో వచ్చిన వీసా చట్టంలో అది 12 దేశాలైంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక అందులో ఉన్నాయి. భారత్ లేదు. అయితే ఉమ్మడి జాబితాకు తోడు ఏ దేశమైనా సొంతంగా మరికొన్ని దేశాలను చేర్చుకోవచ్చు. జర్మనీ, ఫ్రాన్స్ వంటివి అలాగే భారత్‌ను చేర్చాయి.

అదే చట్టంలో ఒక మినహాయింపు కూడా ఉంది. అమెరికా, కెనడా, జపాన్ వీసా చెల్లుబాటులో ఉన్నవారికి, అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నవారికి ట్రాన్సిట్ వీసా అక్కరలేదు. అందుకే ఏటా పిల్లల దగ్గరకు వెళ్లివచ్చే తల్లిదండ్రులకు ఈ బాధ తెలియదు. వారి పాస్‌పోర్టులో పదేళ్ల సందర్శక వీసా నిక్షేపంగా ఉంటుంది. చిక్కుకునేది గడువు చెల్లిన స్టాంపుతో వచ్చే కొడుకు, కోడలే.

ఇంట్లో ఒకరికి సై, ఇద్దరికి నై

కుటుంబంతో వచ్చేవారికి ఇంకో విచిత్రం ఎదురవుతుంది. అమెరికాలో పుట్టిన బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు ఉంటుంది. ఆ బిడ్డకు ఫ్రాంక్‌ఫర్ట్‌లోనైనా, లండన్‌లోనైనా విమానం మారటానికి ట్రాన్సిట్ వీసా అక్కరలేదు. బిడ్డను ఎత్తుకున్న తల్లికి, పెట్టె లాగుతున్న తండ్రికి కావాలి. భర్త స్టాంపు గడువు ఉండి, భార్య స్టాంపు గడువు దాటిన సందర్భాలూ ఉంటాయి. అందువల్ల ఇంట్లో ఒకరి పాస్‌పోర్టు చూసి అందరికీ సరిపోతుందనుకోరాదు. ఎవరి తేదీ వారిదే.

తిరుగు ప్రయాణంలో కథ వేరుగా ఉంటుంది. హైదరాబాద్‌లో కొత్త స్టాంపు పడితే, వచ్చేటప్పుడు అడ్డుపడ్డ దారే పోయేటప్పుడు సాఫీగా తెరుచుకుంటుంది. అంటే దోషం దారిలో లేదు, మనిషిలోనూ లేదు. పాస్‌పోర్టులోని తేదీలో ఉంది.

లండన్ దారి

బ్రిటన్ యూరప్ కూటమిలో లేదు. దాని నిబంధనలు దానివే. గోడ దాటకుండా విమానం మారే భారతీయులకు కూడా ఆ దేశం ట్రాన్సిట్ వీసా అడుగుతుంది. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్నా, గ్రీన్‌కార్డు ఉన్నా అక్కరలేదు. స్టాంపు గడువు చెల్లినవారికి ఒక చిన్న సడలింపు ఉంది. అమెరికా నుంచి వస్తూ, చెల్లుబాటయ్యే వీసాతో చివరిసారి అమెరికాలో అడుగుపెట్టి 6 నెలలు దాటకపోతే వారినీ పోనిస్తారు. కాని ఏళ్లతరబడి ఇంటిముఖం చూడనివారికి ఈ సడలింపు అక్కరకు రాదు.

లండన్‌లో హీత్రూలో దిగి గాట్విక్‌లో ఎక్కేలా టిక్కెట్టు ఉంటే ఇంకా ఇబ్బంది. ఒక విమానాశ్రయం నుంచి మరోదానికి పోవాలంటే గోడ దాటక తప్పదు. అందుకు వేరే రకం వీసా కావాలి.

ట్రాన్సిట్ వీసా ఉన్నా చాలనిచోట

యూరప్‌లోనూ ఇలాంటి కిటుకే ఉంది. న్యూయార్క్ నుంచి పారిస్, పారిస్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడినుంచి హైదరాబాద్ అన్న టిక్కెట్టు చవకగా దొరకవచ్చు. పారిస్, ఫ్రాంక్‌ఫర్ట్ రెండూ షెంజెన్ దేశాల్లోనివి. ఆ దేశాల మధ్య ప్రయాణం ఒకే ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి పోవటం లాంటిది. అంటే పారిస్‌లోనే ఇంటి లోపలికి వెళ్లినట్లు లెక్క. దానికి ట్రాన్సిట్ వీసా సరిపోదు. అసలైన షెంజెన్ వీసాయే ఉండాలి.

రెండు వేర్వేరు టిక్కెట్లు కొనేవారికీ ఇదే ప్రమాదం. మొదటి సంస్థ సామాను హైదరాబాద్ దాకా పంపకపోతే, మధ్యలో పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించటానికి బయటకు రావలసి ఉంటుంది. బయటకు రావాలంటే వీసా కావాలి.

పోనీ, ట్రాన్సిట్ వీసాయే తీసుకుందామంటే అది గంటల్లో అయ్యే పని కాదు. షెంజెన్ నిబంధనల ప్రకారం దరఖాస్తుపై నిర్ణయానికి 15 రోజుల దాకా సమయం ఉంటుంది. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు. 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45 యూరోలు. ముందుగా నిశ్చయమైన పెళ్లికి వచ్చేవారికి ఇది పనికొస్తుంది. చావుకబురు విని బయలుదేరేవారికి కాదు. దహన సంస్కారం 15 రోజులు ఆగదు.

జర్మనీ సడలింపు

2026 జనవరిలో జర్మనీ ఛాన్సలర్ మెర్జ్ భారత్ వచ్చినప్పుడు, భారత పాస్‌పోర్టు ఉన్నవారికి జర్మనీ విమానాశ్రయాల్లో విమానం మారటానికి వీసా అక్కరలేకుండా చేస్తామని ఆ దేశం ప్రకటించింది. హైదరాబాద్ వారికి ఇది మంచి వార్త. 2024 జనవరి నుంచి హైదరాబాద్, ఫ్రాంక్‌ఫర్ట్‌ల మధ్య లుఫ్తాన్సా నేరుగా విమానం నడుపుతోంది మరి. అయితే ప్రకటన ఒకటి, కౌంటరులోని కంప్యూటరులో కనిపించేది ఒకటి. టిక్కెట్టు కొనేనాడు అది తమకు వర్తిస్తుందని విమాన సంస్థ నోట అనిపించుకున్నాకే డబ్బు కట్టటం మేలు. జర్మనీ సడలించినంత మాత్రాన మిగతా దేశాలన్నీ సడలించినట్లు కాదని కూడా గుర్తుంచుకోవాలి.

వచ్చాక మరో గండం

దారి దాటి ఇల్లు చేరితే కథ అయిపోదు. గడువు చెల్లిన స్టాంపుతో వచ్చినవారు కొత్త స్టాంపు లేనిదే తిరిగి పోలేరు. 2025 సెప్టెంబరులో ఇంటర్వ్యూ లేకుండా స్టాంపు ఇచ్చే వెసులుబాటును అమెరికా బాగా కుదించింది. సొంత దేశంలోనో, నివాసముంటున్న దేశంలోనో మాత్రమే వీసాకు దరఖాస్తు చేయాలని చెప్పింది. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి ఉద్యోగులు, వారి భార్యాభర్తల సోషల్ మీడియా ఖాతాలను కూడా పరిశీలించటం మొదలుపెట్టింది. దాంతో ఆ నెలలో ఇంటర్వ్యూ ఉన్న చాలామందికి తేదీలు 2026 మార్చికి, ఆ తర్వాతి నెలలకు జరిగాయి. రెండు వారాల సెలవుపై వచ్చినవారు నెలల తరబడి ఇక్కడే ఉండిపోయారు. అమెరికాలోని పెద్ద కంపెనీల తరఫు న్యాయవాదులు స్టాంపు లేనివారిని దేశం దాటవద్దని హెచ్చరించినట్లు అప్పట్లో వార్తలు వచ్చాయి.

దీంతో పిల్లల మీద రెండు వైపులా బరువు పడింది. రాకపోతే కన్నవారి కడసారి చూపు దక్కదు. వస్తే కొలువుకు ముప్పు. ‘‘వాడికి మా మీద మాయ లేదు’’ అని ఊళ్లో నిష్ఠూరమాడే ముందు పెద్దలు ఈ సంగతి ఆలోచించాలి.

ఏం చూసుకోవాలి?

మొదటగా ఇంట్లో ప్రతి ఒక్కరి పాస్‌పోర్టులో వీసా గడువు తేదీ చూడాలి. ఐ-797 మీద తేదీ కాదు, పాస్‌పోర్టులో అంటించిన వీసా మీద తేదీ. అది దాటి ఉంటే చవక టిక్కెట్టు వెతకటం తర్వాత, దారి వెతకటం ముందు.

దుబాయి, అబుదాబి, దోహా విమానాశ్రయాల్లో బయటికి పోకుండా ఒకే టిక్కెట్టు మీద విమానం మారే భారతీయులకు ముందుగా వీసా అక్కరలేదు. అమెరికా నుంచి నేరుగా ఢిల్లీకో, ముంబైకో వచ్చే విమానాలెక్కితే మూడో దేశం గొడవే ఉండదు. అక్కడినుంచి శంషాబాద్‌కు దేశీయ విమానం ఉంటుంది. పది, పదిహేను వేలు ఎక్కువైనా అది కౌంటరు దగ్గర మొత్తం టిక్కెట్టు పోగొట్టుకోవటం కన్నా నయం.

టిక్కెట్టు కొన్నాక దారి మారితే మళ్లీ చూసుకోవాలి. 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేసింది. దోహా విమానాలు ఎక్కడివక్కడ మళ్లాయి. అలాంటప్పుడు విమాన సంస్థ వేరే దారిన పంపుతానంటే, ఆ దారిలో ఏ దేశముందో, దాని నిబంధన ఏమిటో అడిగాకే ఒప్పుకోవాలి.

కౌంటరు దగ్గర ఆపితే వాదనతో కాలం పోగొట్టుకోకుండా, గల్ఫ్ మీదుగానో నేరుగానో టిక్కెట్టు మార్చమని అడగాలి. ఆ గంటలో సీటు దొరికినా దొరకవచ్చు.

ఇక ఊళ్లోని తల్లిదండ్రులు చేయగలిగిన పని ఒకటుంది. ఇంట్లో పెద్దలకు జబ్బు చేసినప్పుడు పిల్లలు బెంగపడతారని చివరిదాకా దాచిపెట్టటం మన అలవాటు. స్టాంపు గడువు దాటినవారి విషయంలో అలా దాచటం చేటు తెస్తుంది. నాలుగు రోజుల ముందు తెలిస్తే సరైన దారి చూసుకుంటారు, కంపెనీ లాయరును అడుగుతారు, ఇక్కడ స్టాంపు తేదీ దొరుకుతుందో లేదో కనుక్కుంటారు. చివరి గంటలో తెలిస్తే దొరికిన టిక్కెట్టు కొని, కౌంటరు దగ్గర ఆగిపోతారు.

పెళ్లి ముహూర్తం పెట్టేటప్పుడూ అంతే. పంచాంగం చూసే ముందు అమెరికాలోని పిల్లల పాస్‌పోర్టులో తేదీ ఒకసారి అడగటం మంచిది.